ఎర్రదారం మీటరు

శుక్రవారం పొద్దున పదకొండూ ఇరవైకి పిల్లి యోనా వంటింటి గడప దగ్గర ఒరిగి పడి ఉంది. కాళ్లు కొట్టుకుంటున్నాయి. పదకొండూ ఇరవై నాలుగుకు షుగరు మీటరు 31 చూపింది.

సంపూర్ణ చెప్పులు కూడా విడవలేదు. భద్రాచలంలో మూడు రోజుల ట్రైనింగ్ ముగించుకుని, ఇల్లందులో బస్సు దిగి, అప్పుడే ఇంట్లోకి వచ్చింది. బ్యాగు నేల మీద పడేసి యోనా తలను ఒళ్లోకి తీసుకుంది. గూడెం నుంచి తెచ్చుకున్న తేనె సీసా అలమారాలో ఉంది. వేలు ముంచి పిల్లి చిగుళ్లకు రుద్దింది. నోట్లో పోయకూడదు, పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రుద్దాలి. మళ్లీ ముంచింది, మళ్లీ రుద్దింది.

"నేను జూస్తనే ఉన్న. పండుకుందేమో అనుకున్న," అంది అత్త కరుణమ్మ మంచం మీది నుంచి.

"తిన్నదా అత్తమ్మా పొద్దున?"

"ఏం దినలే. నా కొడుకు గిన్నెల పెట్టి సూదిచ్చి డ్యూటీకి పోయిండు. గిన్నె అట్లనే ఉంది."

తినకపోతే ఇన్సులిన్ సూది వద్దు. ఖమ్మంలో పశువుల డాక్టరు మొదటి రోజు చెప్పిన మాట అది. సంపూర్ణ ఆ మాటను నోటుబుక్కు అట్ట మీద స్కెచ్‌పెన్నుతో రాసి, కింద రెండు గీతలు కొట్టింది. ఆ నోటుబుక్కు ఫ్రిజ్ పక్కన మేకుకు వేలాడుతోంది.

ఐదు నెలల కిందట యోనా నీళ్లగిన్నెను రోజుకు మూడుసార్లు నింపాల్సి వచ్చింది. తర్వాత వెనక కాళ్లు మడమల మీద ఈడ్చడం మొదలుపెట్టాడు. వయసు తొమ్మిదేళ్లు. పిల్లగా ఉన్నప్పుడు వానకు రోడ్డు కింద తూములో ఇరుక్కుని మూడో రోజు బతికి బయటికొచ్చాడు గనక సంపూర్ణ కూతురు అక్సా యోనా అని పేరు పెట్టింది. ప్రవక్త పేరు పిల్లికేందే అని కరుణమ్మ పాస్టరుగారి దాకా పోయింది. పాస్టరుగారు నవ్వి ఊరుకున్నాడు. కరుణమ్మ మాత్రం ఈ రోజుకూ దాన్ని పిల్లి అనే అంటుంది. అక్సా నర్సింగు చదువుకు ఖమ్మం హాస్టలుకు పోతూ, "అమ్మా, వాడు నీ బాధ్యత," అని చెప్పి పోయింది. ఈ ఇంట్లో ఎవరు ఎక్కడికి పోయినా ఆ మాట చెప్పే పోతారు.

షుగరని తేలాక భర్త షాలేమ్‌రాజు అన్నది సంపూర్ణకు గుర్తుంది. "పిల్లికి షుగరేందే? మైన్ల జెప్తె నవ్విండ్రు." ఆయన బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్. ఇంటి బల్బు మాత్రం సంపూర్ణే మారుస్తుంది. కరుణమ్మకూ షుగరు. తనకు పెట్టిన మీటరే పిల్లికీ పెడితే ముట్టుకోనంది. అందుకని సంపూర్ణ అదే కంపెనీది ఇంకొకటి కొని, పిల్లి మీటరుకు ఎర్రదారం కట్టింది. పొద్దున ఆరుకు పిల్లి చెవి, ఆరూ పదికి అత్త వేలు, తర్వాత టిఫిను, ఆయన డబ్బా, అత్త మాత్రలు, ఎనిమిదికి తన స్కూటీ. సంపూర్ణ అడవి వైపున్న ఒక సబ్‌సెంటర్లో ఏఎన్ఎం.

చెవి గుచ్చడం ఎవరూ నేర్పలేదు. మొదటి వారం ఆయన పిల్లి కాళ్లు పట్టుకుంటే తను గుచ్చింది. పిల్లి గీరింది, ఆయన అరిచాడు, మీటరు 390 చూపింది. మర్నాడు 401. డాక్టరుకు ఫోన్ చేస్తే, అది షుగరు కాదమ్మా, భయం అన్నాడు. పిల్లి బెదిరితే రక్తంలో చక్కెర పెరుగుతుందట. అప్పటి నుంచి సంపూర్ణ ఒక్కతే చూస్తోంది. పాత సాక్సులో బియ్యం పోసి ముడివేసి, పెనం మీద వెచ్చబెట్టి, ముందు తన చెంపకు ఆనించుకుని, తర్వాత పిల్లి చెవికి పెడుతుంది. చెవి చల్లగా ఉంటే చుక్క రాదు. చెవి అంచుకూ సన్నటి నరానికీ మధ్య గుచ్చాలి. వెనక దూది పెట్టుకోవాలి, లేకపోతే సూది తన వేలికే దిగుతుంది. గుచ్చేటప్పుడు ఏదో ఒక కీర్తన సన్నగా పాడేది. మూడో వారానికి యోనా తనే వచ్చి దుప్పటి మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. మీటరు 240 చూపింది, తర్వాత 226, తర్వాత 214. అవి నమ్మదగిన నంబర్లన్నాడు డాక్టరు. కరుణమ్మ అటు తిరిగి పడుకుని, "నా వేలు గుచ్చేటప్పుడు ఏనాడన్న ఒక పాట వాడినవానే?" అంది. మర్నాటి నుంచి సంపూర్ణ అత్తకూ పాడింది.

పదకొండూ నలభైకి మళ్లీ చూడాలి. చెవి చల్లబడింది. గుచ్చితే చుక్క రాలేదు. రెండోసారి గుచ్చితే వచ్చిన చుక్క చాలక స్ట్రిప్పు పాడైంది. డబ్బాలో ఇంకా రెండున్నాయి. ఒక చేత్తో తేనె రుద్దుతూ, పొయ్యి వెలిగించి సాక్సు పెనం మీద వేసింది. డాక్టరు ఫోను మూడోసారికి ఎత్తాడు.

"ముప్పై ఒకటా? ఖమ్మం తీసుకొచ్చే టైం లేదమ్మా. రుద్దుతూనే ఉండు. పదిహేను నిమిషాలకోసారి చూడు. తల ఎత్తితే తిండి పెట్టు. పొద్దున ఎంతుంది?"

సంపూర్ణ గోడ మీది నోటుబుక్కు చూసింది. "నాలుగొందల పది సార్."

"అయితే మూడు యూనిట్లకు ఇంత పడదే," అన్నాడు డాక్టరు. "చూసిందెవరు?"

నిన్న సాయంత్రం కూడా డాక్టరు అదే అడిగాడు. అప్పుడు సంపూర్ణ భద్రాచలంలో, ట్రైనింగ్ హాలు బయట, టీ కప్పు పట్టుకుని నిలబడి ఉంది. మూడు రోజుల నంబర్లు చదివి వినిపించింది. డాక్టరు, అదే మీటరేనా, తిండికి ముందేనా, చూసిందెవరు అని వరసగా అడిగాడు. "మా ఆయన సార్. నేనే నేర్పిన సార్," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమెకు కొంచెం గర్వంగా కూడా ఉంది. రెండు యూనిట్లు చాలట్లేదు, రేపటి నుంచి మూడివ్వండి అన్నాడు డాక్టరు. ఆమె భర్తకు ఫోన్ చేసి, "మూడియ్యండి," అని చెప్పింది. మూడు యూనిట్లు చెప్పింది తన నోరు. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో ఇల్లు విడిచి మూడు రాత్రులు బయట ఉండడం అదే మొదలు. పోయే ముందు ఆయనే అన్నాడు, "పో, నేను జూస్త. నువ్వొక్కదానివే జేస్తున్నట్టు."

పదకొండూ నలభై ఆరుకు చెవి వెచ్చబడింది. మీటరు 36 చూపింది. పన్నెండుకు ఆఖరి స్ట్రిప్పు. 41.

సంపూర్ణ ఖాళీ డబ్బాను నేల మీద పెట్టింది. మెడికల్ షాపుకు పోయి రావాలంటే పావుగంట. పిల్లిని వదిలి పోవడానికి లేదు. "అత్తమ్మా," అంది మంచం పక్కనున్న డబ్బా వైపు చూస్తూ.

మంచం కిర్రుమంది. కరుణమ్మ గోడ పట్టుకుని నడిచి వచ్చి తన డబ్బా ముందుకు చాపింది. "ఇగో. నాది. ఒకటే రకమంటివి గదా."

సంపూర్ణ మూత తీయబోయింది. రాలేదు. తిప్పి చూసింది. మూత చుట్టూ సీలు అలాగే ఉంది. సోమవారం సాయంత్రం షాపు నుంచి తెచ్చి మంచం పక్కన పెట్టిన కొత్త డబ్బా అది. పాతదాంట్లో ఆఖరిది మంగళవారం పొద్దున తనే వాడింది. బుధ, గురు, శుక్ర మూడు రోజులు కరుణమ్మ నంబర్లు రెండో నోటుబుక్కులో రాసి ఉన్నాయి. 150, 160, 150. ఈ నెలే దవాఖానాలో డాక్టరు ఆమె మాత్రలు మార్చాడు గనక రోజూ చూడమన్నాడు.

"మీ కొడుకు మీ వేలు గుచ్చిండా అత్తమ్మా?"

కరుణమ్మ అటూ ఇటూ చూసింది. "ఒంట్ల ఎట్లుందమ్మా అని అడిగిండు. బాగనే ఉందిరా అన్న. రాసుకున్నడు."

సంపూర్ణ సీలు పళ్లతో కొరికి తీసింది. పన్నెండూ పదిహేనుకు 58. పన్నెండున్నరకు యోనా తల ఎత్తాడు. 79. పావు తక్కువ ఒంటిగంటకు ఆమె వేలికి అంటిన చికెన్ ముద్దను నాకాడు. 104.

అప్పుడు గానీ ఆమె చెప్పులు విడవలేదు.

ఎర్రదారం మీటరుకు పక్కన ఒక బటన్ ఉంది. నొక్కితే పాత నంబర్లు తేదీతో, టైంతో ఒక్కొక్కటే వస్తాయి. ఈ రోజువి ఆరు. దాని వెనక మంగళవారం పొద్దున ఆరుగంటలు, 221. అది తను బస్సెక్కే ముందు చూసింది. మధ్యలో ఏమీ లేవు. నోటుబుక్కులో మాత్రం మధ్యలో ఆరు నంబర్లు ఉన్నాయి. 380, 390, 380, 400, 410, 410.

అన్నీ సున్నాలే. భద్రాచలంలో ఫోన్లో రాసుకుంటున్నప్పుడే అది కనిపించాల్సింది. మీటరు సున్నాలు ఎంచుకోదు. సున్నాలు మనిషి ఎంచుకుంటాడు. ఈ సంగతి సంపూర్ణకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆరేళ్ల కిందట వాగు పొంగిన వారంలో, అవతలి గూడెంలో ఏడో నెల అమ్మాయికి బీపీ చూడకుండానే రిజిస్టర్లో 110/70 రాసింది. కిందటి నెల అంతే ఉంది గదా అనుకుంది. గడి ఖాళీగా ఉంటే మీటింగులో అందరి ముందు లేపి నిలబెడతారు. తర్వాతి వారం వాగు దాటిపోతే ఆ అమ్మాయికి కాళ్లు, మొహం వాచి ఉన్నాయి. 160/100. ట్రాక్టర్ మీద దవాఖానాకు తీసుకుపోయారు. తల్లీ బిడ్డా బతికారు. ఆ రోజు నుంచి వెళ్లలేని రోజు ఆ గడిలో "చూడలేదు, వాగు" అని రాస్తోంది. రెండుసార్లు లేపి నిలబెట్టారు. నిలబడింది.

మూడున్నరకు షాలేమ్‌రాజు వచ్చాడు. హెల్మెట్ కిటికీలో పెట్టాడు. నేల మీద తేనె, స్ట్రిప్పులు, దుప్పటి మీద పిల్లిని చూశాడు.

"ఏమైంది?"

"షుగర్ పడిపోయింది. ముప్పై ఒకటి."

"ఇప్పుడు బాగనే ఉంది గదా."

"మంగళవారం నుంచి చెవి ఎన్నిసార్లు గుచ్చిండ్రు?"

ఆయన చొక్కా గుండీలు విప్పుతూ ఆగాడు. "గుచ్చిన. గీరింది," అని మోచేయి చూపించాడు. ఎండిపోయిన గీత ఒకటి ఉంది. ఒక్కటే.

"మీటర్ల ఒక్కటి గూడ లేదు, అక్స డాడీ."

"అది ఎట్లనన్న నాలుగొందలే ఉంటది గదా! నేను కాళ్లు వట్టుకున్నప్పుడు అంతే ఉండె. నువ్వేమో పొద్దున మాపు ఫోను. ఎంత, ఎంత, ఎంత. నీకు నంబర్ గావాలె. నంబర్ జెప్పిన."

పంతొమ్మిదేళ్లలో ఆయన చెప్పిన మాటలు కొన్ని సంపూర్ణకు వరసగా గుర్తొచ్చాయి. గ్యాస్ బుక్ చేసిన. అక్సా ఫీజు కట్టిన. అమ్మకు మందులేసిన. బుక్ చేశాడో లేదో సిలిండర్ రాకపోతేనే తెలిసేది. అప్పుడు తనే పరుగెత్తేది. అలా పరుగెత్తినన్నాళ్లూ ఆయన మాట అబద్ధమని ఈ ఇంట్లో ఎవరికీ తెలియలేదు, తనకు కూడా పూర్తిగా తెలియలేదు.

"పిల్లి కోసం గింత లొల్లా?" అన్నాడు.

"నాకు గూడ జూడలేదు గదరా," అంది కరుణమ్మ.

ఆయన తల్లి వైపు తిరిగాడు. ఆమె ఒళ్లో రెండో నోటుబుక్కు ఉంది. చదవడం రాదు, అయినా ఆ పేజీనే తెరిచి పట్టుకుంది. "నూట యాభై అని రాసినవంట. యాడికెళ్లి తెచ్చినవ్?"

ఆయన తువ్వాలు తీసుకున్నాడు. స్నానానికి పోయాడు.

సంపూర్ణ ఎర్రపెన్ను తీసుకుంది. మొదటి నోటుబుక్కులో ఆరు నంబర్లు కొట్టేసింది. ఒక్కోదాని పక్కన "చూడలేదు" అని రాసింది. రెండో నోటుబుక్కులో మూడు కొట్టేసి, మూడు చోట్ల అదే రాసింది. పశువుల డాక్టరుకు ఫోన్ చేసి, పిల్లి నంబర్లు ఆరూ చూడకుండా రాసినవని చెప్పింది. పొద్దున తను చెప్పిన 410 కూడా అందులో ఉందని చెప్పింది. ఈ సాయంత్రం సూది వద్దు, రేపటి నుంచి మళ్లీ రెండే, అదీ నువ్వు చూశాకే అన్నాడు డాక్టరు.

ఆరింటికి దుప్పటి మీద కూర్చుని యోనా చెవి గుచ్చింది. పాడింది. 187. రాసింది.

పొద్దున చూడాల్సింది ఇంకా చూడలేదు గనక, ఆరూ పదికి కరుణమ్మ తనే వేలు ఆమె వైపు చాపింది. సంపూర్ణ లేవలేదు. ప్లాస్టిక్ స్టూలును కాలితో మంచం దగ్గరికి జరిపింది.

"కూసోండి," అంది భర్తతో.

"నాకు రాదే."

"చెప్త. కూసోండి. ఇయ్యాల్టి నుంచి అత్తమ్మది మీరే. నేను రాత్రికి పుస్తకం చూడను, మీటర్ చూస్త."

ఆయన కూర్చున్నాడు. వేలి కొసన గుచ్చాడు.

"పక్కకు గుచ్చురా, కొసకు గాదు," అంది కరుణమ్మ. "పెండ్లాన్నన్న జూసి నేర్చుకోకపోతివి."

మొదటి స్ట్రిప్పు పాడైంది. రెండోది పట్టింది. ఆయన మీటరును తన వైపు తిప్పుకుని చూశాడు.

"ఎంతొచ్చింది?" అంది సంపూర్ణ.

"రెండొందల ఎనభై."

ఆమె చెయ్యి చాపింది. ఆయన మీటరు ఇచ్చాడు. ఆమె చూసి తిరిగి ఆయన చేతిలోనే పెట్టింది.

"ఎనభై ఏడు," అంది.

ఆయన పెన్ను తీసుకుని 287 అని రాశాడు.