ఖాళీ చేతులతో గీత దాటినవాడు

అయినా అడ్డుకునే ఐదుగురినీ వరసగా దింపుతాడని తెలుసు, సోమవారం నుంచీ తెలుసు, అవతలి జట్టు కోచ్ రూడీ కాక ఇంకెవడు దింపుతాడు, అనుకుంటూ కోచ్ హార్లన్ డీట్జ్ టోపీని నుదుటి మీదికి లాక్కున్నాడు, ధాన్యపు గాదెల వైపు నుంచి కాన్సస్ గాలి దుమ్మెత్తుకొచ్చి కళ్ళల్లో కొడుతోంది, ఈ అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో గీతకు ఇంకా మూడు గజాలుంది, ఒక్క ఎత్తే మిగిలింది, గీత దాటితే గెలుపు, లేకపోతే ఇక ఏమీ లేదు, వచ్చే ఏడు ఈ బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తున్నారు, ఈ ఎర్ర చొక్కాలు మళ్ళీ ఎవరూ తొడగరు, అవతల ఆ ఐదుగురు చేతులు నేలకానించి దున్నపోతుల్లా రొప్పుతున్నారు, నడిమివాడు బంతి అందించే మన సెంటర్ ముక్కు మీదే కూర్చున్నాడు, వాడికి అటొక టాకిల్, ఇటొక టాకిల్, చివర్లలో ఇద్దరు, భయపడాల్సిందేముంది, కుడివైపు టాకిల్‌ని ఎవరూ ఆపొద్దు, కావాలనే వదిలేయండి, ఆట నడిపే వేడ్ బంతిని, నడిమికి దూకే ఫుల్‌బ్యాక్ క్లీట్ పొట్టకు ఆనించి ఆ టాకిల్‌నే చూస్తాడు, టాకిల్ క్లీట్ మీద పడితే బంతి వెనక్కి లాక్కుని అంచుకి పరుగెడతాడు, పడకపోతే క్లీట్‌కే వదిలేస్తాడు, చివరివాడు అడ్డొస్తే పక్కన పరుగెత్తేవాడికి విసురుతాడు, అంతా చూపులోనే ఉంది, ఎన్నేళ్ళుగానో ఇదే చెబుతున్నాడు, ఇదే ఆయనకు అన్నం పెట్టిన ఆట.

విరామం అడిగి పిల్లల్ని చుట్టూ చేర్చుకుంటే వేడ్ పెదవి చిట్లి రక్తం, క్లీట్ రెండు మోకాళ్ళ మీదా చేతులు పెట్టుకుని ఊపిరి కోసం తన్నుకుంటున్నాడు, పాపం వాడు మధ్యాహ్నం నుంచీ ఆ గుంపులోకి దూకుతూనే ఉన్నాడు, బంతి ఉన్నా లేకపోయినా దెబ్బలు తప్పవు, ఫుల్‌బ్యాక్ బతుకే అంత, అందుకే వాడు కోచ్ అని పిలిస్తే ఏదో నొప్పి అనుకున్నాడు హార్లన్, కోచ్, ఆ టాకిల్‌గాడు నా మీదికొచ్చేవాడిలా భుజం తిప్పుతున్నాడు గానీ కళ్ళు మాత్రం వేడ్ మీదే ఉంటున్నాయి, నడిమివాడు కూడా ప్రతిసారీ ఎడమకే ఒరుగుతున్నాడు, నా ముందు లేగదూడ దూరేంత సందుంది, అని వాడు గబగబా చెబుతుంటే, బంతి కావాలన్నమాట నీకు, అన్నాడు హార్లన్, అది కాదు కోచ్, నేను చెప్పేది, అని వాడంటుండగానే, నీ పని దూకడం క్లీట్, చూడ్డం వేడ్ పని, పద పద, అని వాడి హెల్మెట్ మీద తట్టాడు, వేడ్ నవ్వి, కంగారు పడకురా, సందుంటే నేనే ఇస్తాగా, అన్నాడు, క్లీట్ పళ్ళతొడుగు కరిచి నోరు మూసుకుని తన చోటికి వెళ్ళాడు.

ఆ మూసుకున్న నోరు ఎక్కడో చూసినట్టుంది, ఎక్కడో ఏమిటి, తన వంటింట్లోనే, రూడీ ఫానెన్‌స్టీల్ చిల్లీ అనే కారం మాంసపు పులుసులో దాల్చినచెక్క రొట్టె ముంచుతూ ఎప్పుడూ ఒకే కుర్చీలో కూర్చునేవాడు, చిన్నప్పుడు తన ఫుల్‌బ్యాక్, పెద్దయ్యాక తన సహాయకుడు, కోచ్, అప్పుడప్పుడు ఫుల్‌బ్యాక్‌ని అడిగి చూద్దామండీ, లోపల ఏం జరుగుతోందో వాడికే తెలుస్తుంది, అన్నాడు ఒకరోజు, గుంపులో తల దూర్చినవాడికి ఎదుటివాడి చంకలు తప్ప ఏం కనిపిస్తాయిరా, అని తను పగలబడి నవ్వాడు, రూడీ కూడా నవ్వాడు గానీ చెంచా కింద పెట్టేశాడు, ఆ వేసవిలోనే పక్క జిల్లా బడికి వెళ్ళిపోయాడు, గిన్నెలు కడుగుతూ భార్య మొరీన్ వెనక్కి తిరగకుండానే, వాడు మాట పూర్తి చెయ్యకముందే నవ్వేశావు హార్లన్, అంది, నీకు ఆట సంగతి తెలియదులే, అన్నాడు తను, ఆట సంగతి కాదు నేనంటున్నది, అని ఆమె గిన్నె బోర్లించింది, ఇప్పుడు అవతల గీత పక్కన నీలం కోటులో నిలబడ్డది ఆ రూడీయే, జుట్టు నెరిసింది, చేతులు కట్టుకుని ఇటే చూస్తున్నాడు, ఏం చూస్తున్నాడు, ఈల మోగింది, వద్దు, ఇంకో విరామం అడుగుదామా, క్లీట్ ఏమన్నాడు, కళ్ళు వేడ్ మీదే అన్నాడు కదూ, అడిగేవాడే, చేయి సగం పైకి లేచింది కూడా, అప్పటికే బంతి కదిలింది.

వేడ్ తప్పేమీ చేయలేదు, నేర్పింది నేర్పినట్టే చేశాడు, క్లీట్ పొట్టకు బంతి ఆనించాడు, టాకిల్ వైపు చూశాడు, టాకిల్ భుజం లోపలికి తిరిగింది, వేడ్ బంతి లాక్కున్నాడు, అంతే, ఆ భుజం గిరుక్కున బయటికి తిరిగి టాకిల్ వేడ్ నడుం పట్టేశాడు, చివరివాడు అప్పటికే పక్కనున్నవాడి దారి కాసేశాడు, విసరడానికీ ఎవరూ లేరు, వేడ్ వెనక్కి పడ్డాడు, నీలం కోట్లవాళ్ళు ఒక్కసారిగా అరిచారు, ఆ అరుపులో హార్లన్ చూసింది ఒక్కటే, గీతకు అవతల క్లీట్, ఒంటి మీద ఒక్క చేయి పడకుండా నడిమి సందులోంచి దూసుకెళ్ళి గీత దాటేసి, లేని బంతిని రెండు చేతులతో పొట్టకు అదుముకుని నిలబడి ఉన్నాడు, వెనక్కి తిరిగి వేడ్ మీద పడ్డ కుప్పను చూశాక మెల్లగా చేతులు వదిలేశాడు, చప్పట్లు కొట్టబోయిన మొరీన్, మైదానం అంచున తను రొట్టెలమ్ముతున్న బల్ల వెనకే కూర్చుండిపోయింది.

మైదానం మధ్యలో రూడీ ఎదురొచ్చాడు, గెలిచిన ముఖం కాదది, కోచ్, మీరు ఫుల్‌బ్యాక్‌కి ఇచ్చేస్తారేమోనని చచ్చేంత భయపడ్డానండీ, ఇస్తే మా దగ్గర ఆపేవాడు లేడు, అన్నాడు, మరి ఖాళీగా ఎలా వదిలావురా, అనడిగితే, రూడీ బూటుతో గడ్డిని కెలికి, మీరు ఇవ్వరని వారమంతా మా పిల్లలకి చెప్పాను, వాడు అడిగినా ఇవ్వరన్నాను, అన్నాడు, దెప్పుతున్నట్టు కాదు, అది దెప్పడమైతే బాగుండేది, హార్లన్ ఏదో అనాలనుకున్నాడు, ఆ రోజు నువ్వు చెప్పబోయింది ఏమిటో ఇప్పుడు చెప్పు, అనాలనుకున్నాడు, కానీ రూడీ జట్టు పిల్లలొచ్చి వాణ్ణి భుజాల మీదికి ఎత్తుకున్నారు, హార్లన్ చేతిలో రూడీ చేతి వెచ్చదనం కాసేపు ఉండి, గాలికి అదీ పోయింది.

క్లీట్ ఆటగాళ్ళ బల్ల చివర కూర్చుని భుజం తొడుగుల తాళ్ళు విప్పుకోలేక తంటాలు పడుతున్నాడు, వేళ్ళు వాచిపోయాయి, హార్లన్ పక్కన కూర్చుని ముడి విప్పాడు, లోపల ఇంకా ఏం కనిపించిందిరా, అన్నాడు, క్లీట్ అనుమానంగా చూశాడు, నిజంగానే అడుగుతున్నారా కోచ్, నిజంగానేరా, అప్పుడు వాడు మొదలుపెట్టాడు, నడిమివాడికి ఎడమ చీలమండ నొప్పనుకుంటా, మన కుడివైపు గార్డు తెలియకుండానే ముందే కదిలిపోతున్నాడు, వేడ్ అలసిపోతే తల దించుకుంటాడు, ఒకటి తర్వాత ఒకటి, అడ్డులేకుండా చెబుతూనే ఉన్నాడు, ఎంత చూశాడు వీడు, ఎన్ని వారాలుగా చూస్తున్నాడు, బంతి కావాలన్నమాట నీకు అన్నాడు తను, వాడు బంతి అడగనే లేదు, రూడీ కూడా ఏనాడూ ఏమీ అడగలేదు, దెబ్బలు తింటూ లోపల చూసింది తెచ్చి ఇవ్వబోయారు ఇద్దరూ, చేయి చాచనిది తనే.