మేడ మీది వానడబ్బా

తమ్ముడు ప్రభుదాస్ ఎక్కిన రైలు రాత్రి వాగులో పడిపోయిందని డోరా టీచర్‌కు ఆ పొద్దున ఇంకా తెలియదు. ఎప్పటిలాగే నాంపల్లి బడికి వచ్చి భూగోళం పాఠం మొదలుపెట్టింది. వాన కొలవడానికి మేడ మీద పెట్టిన రేకుడబ్బాను చూసివచ్చే పని పూలమ్మది. ఆ పిల్ల తడిసిన పరికిణీతో పరుగెత్తుకొచ్చింది.

"టీచర్! డబ్బ నిండి పొర్లుతున్నది! గింత వాన ఎన్నడు వడలె!"

"ఏందే, నువ్వే కురిపిచ్చినట్లు చెప్తున్నవ్?" అని వెనక బల్ల నుంచి సమ్మక్క వెక్కిరించింది. అందరూ నవ్వారు. డోరా కూడా నవ్వి, పూలమ్మకు చప్పట్లు కొట్టించింది.

మధ్యాహ్నం స్టేషన్ నుంచి కబురు వచ్చింది. వరదకు వంతెన కొట్టుకుపోయిందట.

తమ్ముడి భూస్థాపన అయ్యాక డోరా మళ్లీ బడికి వచ్చింది. పూలమ్మ అప్పటికే మేడ ఎక్కడం మానేసింది. ఒకరోజు గుమ్మం దగ్గర నిలబడి మెల్లగా అడిగింది.

"నేను గంత సంబరపడ్డ గదా టీచర్, అందుకే గిట్లయ్యిందా?"

వాన ఎవరి సంబరాన్నీ చూసి కురవదని, ఆ రోజు చప్పట్లు కొట్టించింది తానేనని చెప్పాలనుకుంది డోరా. కానీ "పోయి కూర్చో, అమ్మా" అని మాత్రం అంది.

వానాకాలం వెళ్లిపోయింది. డబ్బాలో నీళ్లు ఎండిపోయాయి. పూలమ్మకు ఆ మాట డోరా ఇంకా చెప్పలేదు.