అహరోను ముట్టిన ఇనుము

ఇంట్లో కోడిని కోయాల్సి వచ్చిన ప్రతిసారీ రిబ్కమ్మ పక్కింటికి పోయేది. ఆమె కత్తి సారక్క ఇంటి చూరులో దోపి ఉండేది. పెండ్లయిన నెలకే దాన్ని అక్కడ దాచింది. తన ఇంట్లో ఉంచితే ఏదో ఒకనాడు మొగుడు అహరోను ముడతాడు. ఆయన ఒక్కసారి ముట్టిన ఇనుము ఇక మాంసాన్ని కోయదు. జొన్నకంకి కోస్తుంది, తుమ్మకొమ్మ నరుకుతుంది, చెలక దున్నుతుంది. కోడి మెడ మీద పెడితే మాత్రం తడిగుడ్డ పెట్టినట్టే.

ఊరికి అదొక ఇబ్బంది, అంతే. మంగలి వచ్చి ఆయనకు గడ్డం గీసేటప్పుడు, "చేతులు ఒళ్లె పెట్టుకో మామా, నా కత్తికి ఇంకా నాలుగిండ్లున్నయ్" అనేవాడు. కాన్పులు చేసే లస్మవ్వ గడప బయటే నిలబడి అడిగేది: "బొడ్డు కోసే కత్తి మీ ఆయిన ముట్టింది కాదు గదా? కాదంటెనే లోపలికొస్త." రజాకార్ల కాలంలో మగవాళ్లంతా బరిసెలు పట్టుకొని ఊరికి కాపలా కాస్తుంటే, అహరోనును మాత్రం దూరంగా అరుగు మీద కూర్చోబెట్టి డప్పు చేతికిచ్చారు.

"కొట్టుడు కొట్టు గని, బరిసెల దిక్కు రాకు" అన్నారు.

ఆయన నవ్వి డప్పు కొట్టాడు.

అహరోను ఈ దిక్కు మనిషి కాదు. పాలమూరు వైపు మెన్నోనైటు క్రైస్తవుల మిషనులో పెరిగాడు. కరువులో పని వెతుక్కుంటూ గోదావరి గట్టుకొచ్చి, చెన్నూరు దగ్గరి ఈ ఊళ్లో మెథడిస్టుల పిల్లను చేసుకొని నిలిచిపోయాడు. మెన్నోనైటులు ఆయుధం పట్టరు, ఒట్టు పెట్టరు. మొదటిదానితో రిబ్కమ్మ ఎట్లనో సర్దుకుంది. రెండోది ఆమె కొంప ముంచింది.

ఆయనకు నాలుగెకరాల చెలక. మూడు ఎండాకాలాలు తవ్వి, రాయి పేర్చి, పడమటి గట్టున బావి కట్టాడు. ఆ నీళ్లతో మక్క పండింది, మిరప పండింది. పిల్లలు ఇద్దరు, ఏలియా, వాడి చెల్లెలు. ఆదివారం సాయంత్రం చేను నుంచి రాగానే పిల్లలిద్దరినీ గడప మీద కూర్చోబెట్టి వాళ్ల కాళ్లు తానే కడిగేవాడు. అది కూడా ఆయన మిషను పద్ధతే. చూసిన ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకునేవాళ్లు. "మాకు కడిగేటోడు ఏడ దొరుకుతడు రిబ్కా" అనేది సారక్క. రిబ్కమ్మకు లోపల కొంచెం గర్వంగానే ఉండేది.

పడమటి గట్టు అవతల బుచ్చిరాములు పటేలు చేను. పంతొమ్మిది వందల అరవై రెండులో, పంట చేతికొచ్చే ముందు, పటేలు హద్దురాళ్లు పీకించి బావికి ఇవతల పాతించాడు. బావి తన తాతలనాటి జాగాలో ఉందన్నాడు. పంచాయితీ చావడిలో కూర్చుంది. కాగితాలు ఇద్దరివీ సరిగ్గా లేవు. పెద్దమనుషులు ఎప్పటిలాగే తేల్చారు. ఎవరిదైతే వాళ్లు కొడుకు తల మీద చెయ్యి పెట్టి ఒట్టు పెట్టాలి. పెట్టినవాడిదే బావి.

పటేలు తన కొడుకు తల మీద చెయ్యి పెట్టాడు. కొడుకు మొఖం చూడకుండా పెట్టాడు.

"ఇగ నీ వంతు అహరోనూ."

"బావి నాది. నేను తవ్విన. మీరంతా జూసిండ్రు" అన్నాడు అహరోను.

"జూసినం. ఒట్టు పెట్టు మరి."

"ఒట్టు పెట్టుడు మా దాంట్ల లేదు. నాదంటున్న గదా."

రిబ్కమ్మ ఆడవాళ్ల వైపు నుంచి లేచి వచ్చింది. పదమూడేళ్ల ఏలియాను రెక్క పట్టుకొని తండ్రి ముందుకు తోసింది. "పెట్టు. నిజమే గదా చెప్పేది. దేవుడు ఏమనడు."

ఏలియా తల వంచి నిలబడ్డాడు. చావడి అంతా చూస్తోంది. అహరోను చెయ్యి సగందాకా లేచింది. మళ్లీ కిందికి దిగింది.

బావి పోయింది.

ఆ ఆదివారం ఏలియా గడప మీద కూర్చోలేదు. తండ్రి చెంబు పట్టుకొని చాలాసేపు నిలబడి, చెల్లెలి కాళ్లు మాత్రం కడిగి లోపలికి పోయాడు. తర్వాత ఏలియా తల్లితో ఒక్కసారే ఆ మాట ఎత్తాడు. "నా తల మీద చెయ్యి పెట్టెతందుకు బాపుకు మనసొప్పలే."

"అట్ల గాదురా."

"మరెట్ల?"

ఎట్లనో రిబ్కమ్మకూ తెలియదు. ఆమె ఆ రోజు నుంచి మొగుడికి అన్నం పెట్టింది, మాట పెట్టలేదు. రెండేళ్లు గడిచాక మాట కూడా పెట్టింది. ఎంతకాలమని ఉంటుంది మనిషి.

అహరోను తూర్పు దిక్కున రెండో బావి మొదలుపెట్టాడు. అక్కడంతా బండ. యాభై దాటిన మనిషి, ఎండాకాలం వస్తే చాలు, గడ్డపార భుజాన వేసుకొని దిగేవాడు. ఒక్కో ఏడు రెండు గజాలు దిగేది. నీటి చెమ్మ లేదు. ఏలియా సాయం పట్టలేదు. వాడు పటేలు బావి దగ్గర నిలబడి మోట తోలేవాళ్లను చూసేవాడు. చూసి చూసి వచ్చేవాడు. రిబ్కమ్మకు ఆ చూపు నచ్చేది కాదు. చేతిలో పని ఉండగానే లేచి గడప దాకా పోయి, వాడు ఎక్కడున్నాడో చూసి మళ్లీ కూర్చునేది.

అరవై ఏడు ఎండాకాలం, పొద్దున పదిగంటలప్పుడు అహరోను బావిలోంచి పైకొచ్చాడు. ఒడ్డున మట్టికుప్పకు ఆనుకొని కూర్చున్నాడు.

"జర నీళ్లు దే" అన్నాడు.

కుండలో నీళ్లు అయిపోయాయి. రిబ్కమ్మ బిందె పట్టుకొని పడమటి గట్టుకు పోయింది. మొగుడు తవ్విన బావిలోనే, పటేలు జీతగాణ్ణి అడిగి, నీళ్లు నింపుకొని వచ్చింది. ఆమె వచ్చేసరికి అహరోను అట్లే ఆనుకొని ఉన్నాడు. కండ్లు తెరిచే ఉన్నాయి. ఆమె చెంబు నోటికి పెట్టింది. నీళ్లు గడ్డం మీదుగా అంగీ మీదికి కారాయి.

చెన్నూరు నుంచి పాస్టరు వచ్చి మట్టి చేశాడు. ఊరంతా వచ్చింది, పటేలు కూడా వచ్చి దూరంగా చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఏలియా గోతిలోకి చూడలేదు. పటేలు చెప్పుల వైపే చూశాడు.

నాలుగోనాడు వాడు మంచిర్యాల పోయి వచ్చాడు. చంకలో గోనెసంచి. దాన్ని గడ్డివాములో దూర్చడం రిబ్కమ్మ కంటపడింది. మరునాడు పొద్దున వాడు చేనుకు పోయాక తీసి చూసింది. గొడ్డలి. కొత్తది. కర్ర కామ మీద ఇంకా చెయ్యి మరక లేదు.

ఇంట్లో రెండు గొడ్డళ్లున్నాయి. రెండూ అహరోను పట్టినవే. వాడు ఆ రెంటినీ వదిలి పద్దెనిమిది మైళ్లు పోయి ఇంకోటి ఎందుకు తెచ్చాడో ఆమెకు ఎవరూ చెప్పనక్కర లేదు.

మొగుడి పేర పెట్టే ఆదరణ కూడికకు చుట్టాలొస్తారని ఒక పుంజును కట్టేసి ఉంచింది. దాన్ని పట్టి, మొద్దు మీద పెట్టి, ఆ గొడ్డలితో ఒక్కటేసింది. తల ఎగిరి దూరంగా పడింది. గొడ్డలి కడిగి, తుడిచి, గోనెలో చుట్టి, గడ్డిలో మళ్లీ పెట్టింది. పారేస్తే ఇంకోటి తెస్తాడు. అడిగితే లేదంటాడు, ఆ తర్వాత దాన్ని ఎక్కడ దాస్తాడో ఆమెకు తెలియదు.

ఆమె ఎక్కడా నిలవలేకపోయింది. వంట సగంలో వదిలి బయటికి, బయటి నుంచి లోపలికి. చివరికి మధ్యాహ్నం పడమటి బావికి పోయి ఒడ్డున కూర్చుంది.

మోట దగ్గర పటేలు ఒక్కడే ఉన్నాడు. "ఏంది రిబ్కమ్మా, గీడ కూసున్నవ్? నీళ్లు గావాల్నంటె తీస్కపో."

"నీళ్లు వద్దు పటేలా. నువ్వు కొన్నొద్దులు జమ్మికుంటకు పో. నీ బిడ్డ ఇంట్ల ఉండు."

"ఎందుకు?"

"ఏలియా గొడ్డలి తెచ్చిండు."

పటేలు నవ్వాడు. "అహరోను ఇంట్ల గొడ్డలా? అది నా చేతి మీది ఎంటికెనన్న కోస్తదా?"

"కొత్తది. ఆయన ముట్టలే. పొద్దుగాల నేను కోసి జూసిన."

ఆమె చీర అంచు మీద రక్తం చుక్కలు పటేలుకు అప్పుడు కనిపించాయి. నవ్వు ఆగింది. మోకు వదలకుండానే గట్టు వైపు చూశాడు. పోదామన్నా పోయే టైము లేదు. ఏలియా వస్తున్నాడు.

పరుగెత్తి రావడం లేదు. చేనుకు నీళ్లు పెట్టడానికి వచ్చేవాడిలా వస్తున్నాడు. గోనె లేదు, గొడ్డలి బయటే ఉంది. రిబ్కమ్మ లేచి పటేలుకు అడ్డంగా నిలబడింది.

"జరుగు అవ్వా."

"జరగ."

"ఆయిన బావి గుంజుకున్నడు. బాపు నీళ్లకు సచ్చిపోయిండు. నీళ్లకు."

"నాకెర్కలేదా? నేనే పోయింటి బిందె పట్టుకొని."

"జరుగు."

"ఇంటికి పోదాం పా, ఏలియా."

గొడ్డలి లేచింది. వాడి కండ్లు ఆమె కండ్లలోనే ఉన్నాయి. ఆగుతాడు అనుకుంది రిబ్కమ్మ. పద్దెనిమిదేండ్లు సాదిన తల్లిని, ఆగుతాడు.

దెబ్బ కుడి భుజం మీద పడింది. ఆమె మోకాళ్ల మీద కూలింది. బండ నెత్తిన పడ్డట్టు ఒళ్లంతా అదిరి, చెయ్యి మొద్దుబారిపోయింది. మోట ఎద్దులు బెదిరి వెనక్కి జరిగాయి, తోలుబొక్కెన దడాలున నీళ్లల్లో పడింది.

కొంగు తెగింది. రవికె భుజం మీద రెండుగా చీలింది. కింద తోలు మీద మోకు ఒరిసినట్టు ఎర్రటి గీత ఒకటి. చుక్క నెత్తురు లేదు.

పటేలు ముందుకొచ్చి ఆ గీతను చూశాడు. తర్వాత ఏలియా చేతులను చూశాడు.

"అహరోను చెయ్యే వీనికొచ్చింది" అన్నాడు మెల్లగా, అడిగినవాళ్లకు దారి చెప్పినట్టు. ఎద్దులను పట్టుకోవడానికి పోయాడు. పోతూ, "అవ్వకు నీళ్లు తాపు పిలగా" అన్నాడు.

ఏలియా గొడ్డలి అంచు మీద బొటనవేలు రాశాడు. గట్టిగా రాశాడు. వేలు తెగలేదు. పక్కనే ఉన్న ఆముదం మొక్క మీద వేశాడు. మొక్క తెగి పడింది. మళ్లీ వేలు రాసుకున్నాడు. ఆ తర్వాత గొడ్డలి కింద పెట్టి, బావి మెట్లు దిగి, దోసిట్లో నీళ్లు తెచ్చాడు. సగం దారిలోనే కారిపోయాయి. మళ్లీ దిగాడు. మూడోసారి తెచ్చిన నీళ్లు రిబ్కమ్మ తాగింది.

ఊళ్లో ఎవరూ పోలీసులకు చెప్పలేదు. చెప్పడానికి గాయం లేదు. వాడు ఉరికంబం దాకా పోవాల్సినవాడు, సాయంత్రానికి తన ఇంటి ముందు కట్టెలు కొట్టుకుంటూ ఉంటాడు, రేపు చేనుకు పోతాడు, ఏదో ఒక ఏడు పెండ్లి చేసుకుంటాడు. రిబ్కమ్మకు కావలసింది అదే. అడిగింది అదే. దొరికింది.

ఆమె ఎడమచేత్తో భుజం పట్టుకొని లేచింది. ఏలియా పట్టబోతే వద్దంది.

"నువ్వు అడ్డమొచ్చింది నాకు కనబడలే అవ్వా" అన్నాడు వాడు. "పటేలే కనబడ్డడు. నిన్ను జూడలే."

ఆమె వాడి మొఖం చూసింది. వాడు ఏడుస్తున్నాడు. అబద్ధమాడేటప్పుడు చిన్నప్పటి నుంచీ ఏడుస్తాడు, నిజం చెప్పేటప్పుడూ ఏడుస్తాడు.

"నడువు" అంది.

"నువ్వు ముందు నడువు అవ్వా. పడిపోతవు. నేను ఎన్కనుంచి పట్టుకుంట."

"నువ్వే ముందు నడువు."

వాడు గొడ్డలి తీసుకొని ముందు నడిచాడు. ఆమె వెనక. గట్టు సన్నది, ఇద్దరు పక్కపక్కన పట్టరు. ఇల్లు కనబడేదాకా వాడు రెండుసార్లు ఆగి ఆమె దగ్గరికి రావాలని ఎదురుచూశాడు. రెండుసార్లూ ఆమె కూడా ఆగింది.