మగ్గాలు ఆగితే లేచే అవ్వ

జులై పన్నెండో తేదీ ఏకాంబరానికి బాగా గుర్తు. ఆ మధ్యాహ్నం రాగిసంగటి, నంజుకోడానికి శనక్కాయల ఊరిబిండి. చిత్తూరు నుంచి వచ్చిన ఉమ్మే హబీబా రెండోసారి అడిగి వేయించుకుంది. భార్య ఉదయలక్ష్మి పోయాక నగరిలోని ఆ ఇంట్లో వంట ఆయనదే. అలా అడిగి తిన్నవాళ్లు తక్కువ.

హబీబా, ఆయన కూతురు భవిత కలిసి చదువుకున్నారు. ఇప్పుడు ఇద్దరూ కలిసి ఒక వీడియో గేమ్ చేస్తున్నారు. మర్నాడే తిరుపతిలో పోటీ. ఆటలో ఒక చిన్నపిల్ల, నిద్రపోతున్న అవ్వకు తెలియకుండా మరమగ్గాల ఇల్లు దాటి వీధిలోకి జారుకోవాలి. కొట్టడం, కాల్చడం లేవు. నక్కి నక్కి పోవడమే.

చిక్కంతా అవ్వతోనే. ఆడి చూసిన స్నేహితులందరూ దొరికిపోయారు.

"మగ్గాలు ఆగినప్పుడే మీ ముసలామె కండ్లు తెరస్తాది. యాడన్నా సద్దుకు లేస్తారు గానీ, సద్దు ఆగితే లేస్తారా?" అంది హబీబా.

భవిత తెల్లబోయింది. "ఆగితే నిద్రెట్ల పడతాదే?"

"తిరగేసి రాసేసినానని ఒప్పుకోవే, పోయేదేముండాది!"

"సరేలే, మార్చేస్తా" అంది భవిత, మొహం చిన్నబుచ్చుకుని.

ఏకాంబరం తెర వైపు చూశాడు. తెర మీద ఆ అవ్వ లేవగానే ముందు పక్కన పిల్ల ఉందా అని చేత్తో తడుముతుంది. అది అచ్చం ఉదయలక్ష్మి. నిద్ర తీరు మారిస్తే, మగ్గాలు ఆగగానే ఆమెలా లేవడమూ పోతుంది. కానీ పని పిల్లలది. ఆయన కంచాలు తీసుకుని లోపలికి పోయాడు.

పొద్దు గూకే వేళ కరెంటు పోయింది. వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఎదురింటి కోమలి బిడ్డ ఉయ్యాల్లో కెవ్వుమంది. రాత్రి పనికి పోవాలని పడుకున్న పక్కింటి మునిరామయ్య అరుగు మీదికి వచ్చి, "ఎవుర్రా ఆపింది!" అని అరిచాడు.

హబీబా కిటికీ దగ్గర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఊరంతా ఇంతేనా అంకుల్?"

"ఇంతేమ్మా. భవిత వాళ్లమ్మయితే ముందు పాపను తడివి సూసేది."

హబీబా నవ్వు ఆపి, స్నేహితురాలి భుజం మీద చెయ్యి వేసింది. "మార్చొద్దులేవే. మొదట్లోనే ఆటలో కరెంటు పోనీ. ఉయ్యాల్లో బిడ్డ ఏడిస్తే, నాలాంటి మొద్దులకు గూడా తెలిసిపోతాది."

కరెంటు వచ్చేసరికి ల్యాప్‌టాప్‌లో ఆ పని అయిపోయింది. భోజనాలయ్యాక ఏకాంబరాన్ని కూర్చోబెట్టి ఆడించారు.

"నాయనా, మల్లా దొరికిపోయినావా? ఇది మూడోసారి!"

"దొరకనీలేమ్మా" అన్నాడాయన, తడుముతున్న ఆ చేతినే చూస్తూ.

భవిత పడుకోగానే నిద్రపోయింది. హబీబా మగ్గాల మోతకు అటూ ఇటూ దొర్లుతోంది. ఆ పిల్లకు మోత కాస్తయినా తగ్గుతుందని ఏకాంబరం వీధి తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా లాగి, గడియ పెట్టాడు.