చుక్క నీరు వృథా కాని చోట

పదకొండో డ్రమ్ము కలిపేసరికి పెద్దకోడలి భుజాలు పడిపోయాయి. అయినా చెయ్యి ఆపడానికి లేదు. బొగ్గు కాల్చిన బూడిద, ఇనుము కరిగిస్తే మిగిలే చిట్టెం, వాటిమీద కాస్టిక్ సోడా నీళ్ళు. గట్టిపడితే ఇటుక. బట్టీ అక్కర్లేదు, పొగ రాదు, సిమెంటు ఊసే లేదు. భూమికి మేలు చేసే ఇటుక అని గేటు మీద పెద్ద అక్షరాలతో రాశారు. మేలే, ఎవరు కాదన్నారు? కలిపేవాళ్ళు మాత్రం ఆ భూమి మీద ఉన్నట్టు లెక్క కాదు కాబోలు!

వెనక రేకుల షెడ్డులో ఆమె తోడికోడలు కంటికి గుడ్డ కట్టుకుని పడుకుని ఉంది. నిన్న మధ్యాహ్నం సోడా పలుకులు వేస్తుంటే నీళ్ళు కుతకుతా ఉడికి చిన్నకోడలి కంట్లో చిందాయి. మంచినీళ్ళ కుళాయికి వారం నుంచి తాళం. భూమికి మేలని సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు నీళ్ళ మీటరు చూస్తారట. డ్రమ్ములు కడిగిన నీళ్ళే తొట్టిలో తేర్చి మళ్ళీ వాడాలి. పెద్దకోడలు గాభరాగా ఆ తొట్టిలోనే చెంబు ముంచి కన్ను కడిగింది. నీళ్ళు తేటగానే ఉన్నాయి. చేతులు కాయలు కాచి, మంట తెలియడం మానేసి రెండేళ్ళయింది మరి. ఆ తేట నీళ్ళలో కాస్టిక్ అలాగే ఉందని ఆమెకి అప్పుడెలా తెలుస్తుంది? రాత్రి చిన్నదాని కన్ను తెల్లబారాకే అర్థమైంది.

పొద్దున మేనేజరు జేబులోంచి చీటీ తీసి చూపించాడు. దెబ్బ పనిలో తగిలిందని రాసి ఉంది. అది ఉంటేనే కార్మికుల ఆస్పత్రిలో చేర్చుకుంటారు.

"ఇవాళ తనిఖీ సవ్యంగా జరగనియ్యి, సాయంత్రం నీ చేతిలో పెడతా. నోరు జారావో, చీటీ లేదు, ఇద్దరికీ పనీ లేదు."

"అప్పటిదాకా ఆగితే కన్ను పోతుందయ్యా."

"రాత్రంతా పోనిది ఈ కాసేపట్లో పోతుందా?"

మింగలేక కక్కలేక ఆమె తలూపింది.

మధ్యాహ్నం సర్టిఫికెట్ మేడమ్ వచ్చింది. మనిషి మంచిదే. ఇటుకను తిప్పి తిప్పి చూసింది, మీటరు చూసి ముచ్చటపడింది. బూడిదైన చేతులు చాపి, "కాసిని నీళ్ళు పోస్తారా?" అంది.

"మా తొట్టి నీళ్ళే చూడండి మేడమ్, అద్దంలా ఉంటాయి!" అంటూ మేనేజరు పెద్దకోడలికి సైగ చేశాడు.

ఆమె చెంబు ముంచింది. ఎదురుగా మెత్తటి చేతులు. పోస్తే చీటీ. వంచబోయింది. నిన్న కూడా ఇలాగే వంచింది. "ఇంకొంచెం పొయ్యక్కా, మంట ఆగట్లేదు" అని చిన్నది ఏడుస్తుంటే, మరో రెండు చెంబులు పోసింది కదా ఈ పాపిష్ఠి చెయ్యి!

"వద్దమ్మా. నిన్న వీటితోనే మా చిన్నదాని కన్ను కడిగాను. షెడ్డులో ఉంది, వచ్చి చూడండి."

మేడమ్ చప్పున చేతులు వెనక్కి లాక్కుంది. షెడ్డు వైపు ఒక అడుగు వేసింది కూడా. ఈలోగా మేనేజరు సీసా నీళ్ళు తెప్పించాడు. మేడమ్ చేతులు కడుక్కుని, తుడుచుకుని, "అయ్యో, పాపం. కానీ మనుషుల సంగతి మా కిందికి రాదమ్మా. మేం పర్యావరణం వరకే" అంది. నిజంగానే బాధపడింది. బాధపడుతూనే సంతకం పెట్టింది.

కారు వెళ్ళాక మేనేజరు చీటీని నాలుగు ముక్కలు చేసి డ్రమ్ములో పడేశాడు.

"చెత్త కూడా వృథా చెయ్యం మనం. ఊఁ, కలుపు."

"కలపను."

"ఏంటీ?"

"కలపనన్నాను."

పెద్దకోడలు షెడ్డులోకి వెళ్ళి చిన్నదాన్ని లేపి, తన భుజానికి ఆనించుకుంది.

"ఎక్కడికక్కా?"

"ఆస్పత్రికి."

"చీటీ ఇచ్చాడా?"

"నడువు" అంది పెద్దకోడలు.