చేదు కోసం ఒక మడి

డాండెలియన్ మొక్కకి నీళ్ళు పోసి పెంచిన మనిషిని మీరెక్కడైనా చూశారా? పసుపు పచ్చటి పువ్వు, రంపం పళ్ళలాంటి ఆకు, పువ్వు ముదిరితే దూదిలాంటి తెల్లటి గుండు, పిల్లలు ఉఫ్ మని ఊదితే వీధంతా ఎగిరే గింజలు. అదే. చూసిన ప్రతివాడూ పీకి అవతల పారేసే మొక్క అది. మన టైలర్ కూడా ముప్ఫై ఏళ్ళపాటు ఆదివారమొస్తే చాలు, నడుం వంచి వాటిని పీకడమే పనిగా పెట్టుకున్నవాడే. అలాంటి మనిషి ఆ ఏడు చలి తగ్గగానే పెరట్లో మడి కట్టి, అదే మొక్క గింజలు నాటాడు. మతిపోయి కాదు. ఆయన భార్య నోటికి రుచి పోయింది.

పోతే పోయింది, ఉప్పూ కారం తెలియకపోతే మనిషి బతకడా అంటారేమో. ఆవిడ బతుకంతా నాలుక మీదే ఉంది మరి. టీ కంపెనీలో ఇరవై రెండేళ్ళుగా రుచి చూసే ఉద్యోగం. పొద్దున్నే బల్ల మీద వరసగా కప్పులు పెడతారు. ఆవిడ చెంచాతో తీసి సుర్రుమని పీల్చి, నోట్లో ఒక్క తిప్పు తిప్పి, పక్కనున్న తొట్టిలో ఉమ్మేసి, ఆ ఆకు ఎప్పుడు కోశారో, గోదాములో ఎన్నాళ్ళు మూలిగిందో చెప్పేస్తుంది. రోజుకు రెండొందల కప్పులు. అన్నీ మింగితే కడుపేం కావాలి? అందుకే ఒక్కటీ మింగదు.

చలికాలంలో జ్వరం వచ్చింది. పది రోజులు పడుకుని లేచేసరికి నాలుక చెక్కముక్కై కూర్చుంది. కాఫీ పొడి చెంచాడు నోట్లో పోసుకున్నా ఇసుక నమిలినట్టే ఉందంది. వస్తుందమ్మా, ఓపిక పట్టండి అన్నాడు డాక్టరు. ఆయనదేం పోయింది, ఎన్నైనా చెబుతాడు. కంపెనీవాళ్ళు మాత్రం ఖచ్చితంగా ఒక రోజు పెట్టారు. మూడు నెలలయ్యాక వచ్చే మొదటి సోమవారం పన్నెండు కప్పులు ముందు పెడతారట. చెబితే సరే, లేకపోతే లేబుళ్ళు అంటించే విభాగానికి పొమ్మన్నారు. ఆ మాట విన్న రోజు ఆవిడ ఇంటికొచ్చి, బూట్లైనా విప్పకుండా వంటింటి కుర్చీలో కూలబడింది. పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడ జాకెట్లన్నీ కుట్టింది టైలరే, ఆ భుజాల కొలత ఆయనకి నిద్రలో లేపి అడిగినా వచ్చు. ఆ రోజు అవి అంగుళం కిందికి దిగినట్టు కనిపించాయి.

"చేదు తెలిస్తే చాలండీ. మిగతావన్నీ దాని వెనకే వచ్చేస్తాయి," అంది ఆవిడ. అది డాక్టరు మాట కాదు, ఆవిడ సొంత లెక్క.

చేదు అనగానే టైలర్‌కి డాండెలియన్ గుర్తొచ్చింది. ఎన్నోసార్లు అవి పీకిన చేత్తోనే మూతి తుడుచుకుని లబలబలాడాడు కదా. టార్చి పట్టుకుని పెరడంతా గాలించాడు. ముప్ఫై ఏళ్ళ కష్టం ఊరికే పోతుందా, ఒక్క మొక్క మిగిల్తే ఒట్టు. మర్నాడు గింజల దుకాణానికి వెళ్ళి అడిగితే, దుకాణదారు రెండుసార్లు అడిగించుకున్నాడు.

మడి ఎలా కట్టాడంటే, నవ్వకండి, మెడలో టేపుతో కట్టాడు. నాలుగంగుళాలకో గింజ, ఆరంగుళాలకో వరస, మడి అంచు రాళ్ళ మీద కుట్టుసుద్దతో గీతలు. తెల్లటి చొక్కాకి మార్కు పెట్టినంత నిదానంగా పెట్టాడు. మూడు వారాలకి మడిలో మొలిచినవి పదకొండు. కాలిబాట రాళ్ళ సందుల్లో, తూము నోటి దగ్గర, బట్టలారేసే తీగ కింద మొలిచినవి లెక్కేలేదు. గింజల పొట్లం పెట్టుకున్న జేబుకి చిల్లి ఉంది. ఊరందరి జేబులూ కుట్టే పెద్దమనిషికి సొంత జేబు కుట్టుకునే తీరిక ఎక్కడ? ఆయన తిరిగిన చోటల్లా మొలిచాయి. పార అరువడగడానికి పక్కింటికి కూడా వెళ్ళాడు.

పక్కింటాయన రిటైరైన సర్వేయరు. ఆయన పచ్చిక చూస్తే అడుగు పెట్టడానికి భయమేస్తుంది, అంత నున్నగా పెంచుతాడు. ఆ పచ్చికలో ఏం జరిగిందో ఇంకా చెప్పాలా?

ఇక్కడ టైలర్‌కి అవేవీ పట్టలేదు. రోజూ పొద్దున్నే ఆకులు కోసి, కడిగి, పళ్ళెంలో పెట్టి ఆవిడ ముందుంచేవాడు. పక్కన స్టీలు మగ్గు. ఆవిడ నడుం నిటారుగా పెట్టి, ఆఫీసు మొహంతో కూర్చుని, ఆకు నాలుగు నములు నమిలి, నోరంతా తిప్పి, మగ్గులో ఉమ్మేసేది.

"ఏం లేదు."

"ముదురాకు చూడు, అది ఘాటుగా ఉంటుంది."

మళ్ళీ నమలడం, తిప్పడం, ఉమ్మడం. "గడ్డి కూడా నయం."

ఒకరోజు అనుమానమొచ్చి ఆయన తనే ఒకటి నమిలి మింగాడు. మొహం నిమ్మచెక్కలా పిండుకుపోయింది, కళ్ళంట బొటబొటా నీళ్ళు కారాయి. ఆవిడ ఆయన్ని కళ్ళార్పకుండా చూసింది. "అదృష్టవంతులు," అంది. ఆ మాటకి ఆయనకి చేదు కన్నా ఎక్కువ బాధేసింది.

పూలు వచ్చాక ఆకు ఇంకా చేదెక్కుతుందని ఎవరో చెప్తే పూలు కొయ్యకుండా వదిలేశాడు. సోమవారం ఇక నాలుగు రోజులుందనగా, గురువారం పొద్దున, సరిగ్గా ఆకుల పళ్ళెం బయట అరుగు మీద పెట్టిన వేళకి సర్వేయరు రెండిళ్ళ మధ్య గోడ దగ్గరకొచ్చాడు. చేతిలో చాపలా చుట్టిన పెద్ద కాగితం. విప్పి గోడ మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు గులకరాళ్ళు పెట్టాడు.

"టైలర్ గారూ, ఇది మా పచ్చిక పటం. ఈ చుక్కలన్నీ మీ మొక్కలు, నలభై మూడు. కలిపితే మా గేటు నుంచి పనిముట్ల గదికి తిన్నగా గీత వస్తోంది. మధ్యలో ఇక్కడ కాస్త వంకర. ఆ రోజు మీరు మా కుక్కని చూసి పక్కకి జరిగారు, నాకు గుర్తుంది."

టైలర్ చెయ్యి చిల్లి జేబు మీదకి పోయింది. ఇంత పక్కాగా దొరికిపోయాక ఇంకేం దాస్తాడు? కానీ మొగుణ్ణి ఒకడు గోడ మీద కాగితం పరిచి నిలదీస్తుంటే ఆవిడ ఊరుకుంటుందా? పళ్ళెం ఒళ్ళో పెట్టుకునే అందుకుంది.

"నలభై మూడు మొక్కలకి పటం గీశారా? మీకు వేరే పనేం లేదా అండీ?"

"పని లేకేమ్మా, ఇవి పీకడమే పని. ఆ పూలన్నా కోయించండి. అవి ముదిరి గాలికి లేస్తే నేనింక పచ్చిక మాట మర్చిపోవాలి."

"ఆయన నాకోసం పెంచుతున్నారు. ముప్ఫై ఏళ్ళు పీకిన చేత్తో పెంచుతున్నారు. ఒక్క పువ్వు కోసినా ఊరుకోను." కోపమొస్తే ఆవిడ చెయ్యి ఊరికే ఉండదు. పళ్ళెంలో ఆకు తీసి నోట్లో పెట్టుకుంది, పరపరా నమిలింది, ఇంకో మాట అనాలన్న తొందరలో గుటుక్కున మింగేసింది. "మీ పచ్చిక మీకెంతో, ఈ మడి మాకు..."

అక్కడ ఆగిపోయింది.

మొగుడి వైపు తిరిగింది. మొహం మెల్లగా ముడతలు పడుతోంది.

"ఏవండీ, ఇదేంటి ఇంత దరిద్రంగా ఉంది?"

"ఏది?"

"చేదండీ. ఇక్కడ, గొంతు దగ్గర. లోపలికి పోయేకొద్దీ."

టైలర్ అరుగు మీద చతికిలబడ్డాడు. ఇన్ని రోజులూ ఆ చేదు వాకిట్లోకి వస్తూనే ఉంది, లోపలికి అడుగు పెట్టేలోపే ఈవిడ మగ్గులోకి తోసేస్తోంది. ఆఫీసు అలవాటు కొంప ముంచింది, ఏం చేస్తాం? ఆయనకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి, ఏది ముందు కానివ్వాలో తెలియలేదు. ఆవిడ గబగబా ఇంకో ఆకు, ఇంకో ఆకు మింగుతోంది. కళ్ళంట ధారగా నీళ్ళు. ఆయన పంచదార డబ్బా కోసం లేవబోతే చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

సంగతేమిటో సర్వేయరుకి ముక్క ముక్కలుగా చెప్పేసరికి ఆయన కాగితం చుట్టేశాడు. తరవాత తన పచ్చికలోకి వెళ్ళి, వంగి, ఒక మొక్క వేళ్ళతో సహా పీకి, మట్టి దులిపి గోడ మీద పెట్టాడు. "ఇది కూడా చూడమ్మా."

ఆవిడ ఆకు తుడుచుకుని, నమిలి మింగింది. "మీది ఇంకా చేదండీ. మంచి బలంగా పెరిగింది."

సర్వేయరు మొహంలో అది పొగడ్తో తిట్టో తేల్చుకోలేని చూపొకటి వచ్చింది. సోమవారం దాకా పూల జోలికి రానని మాటిచ్చి లోపలికి వెళ్ళిపోయాడు.

"టీ పెట్టండి," అంది ఆవిడ.

ఇప్పుడు పరీక్ష టైలర్‌కి. ఈ మూడు నెలలూ ఇంట్లో టీ పెట్టింది ఆయనే. నోటికేం తెలియని మనిషి కదా అని చేతికొచ్చినట్టు పెట్టాడు. గబగబా పొయ్యి ముందుకి వెళ్ళాడు. పాలు పొంగించాడు, పొడి కొంత లోపలా కొంత బయటా వేశాడు. కప్పు తెచ్చి ఆవిడ ముందు పెట్టి, మగ్గు కూడా సిద్ధంగా పట్టుకుని నిలబడ్డాడు.

ఆవిడ చెంచాతో తీసి సుర్రుమని పీల్చింది. కళ్ళు మూసుకుంది. గొంతు కదిలింది.

"పొడి డబ్బా అడుగుది. రెండు నెలలుగా మూత సరిగ్గా పెట్టలేదు. పాలు నిన్నటివి. గిన్నె అడుగంటింది."

నాలుగూ నిజాలే. ఒక్కో తప్పూ వింటుంటే టైలర్ మొహం వెలిగిపోతోంది. ఇక సోమవారం పన్నెండు కాదు, పాతిక కప్పులు పెట్టుకోమనండి. ఆయన మురిసిపోతూ మగ్గు ఆవిడ నోటి దగ్గరికి జరిపాడు.

ఆవిడ మగ్గుని పక్కకి నెట్టి, కప్పు రెండు చేతులతో పట్టుకుని ఇంకో గుక్క తాగింది.

"అంత బాలేనిది ఎందుకు తాగడం? పారబొయ్యి, ఇంకోటి పెడతాను," అన్నాడు ఆయన.

"ఇది ఆఫీసు కాదుగా," అని, కప్పు ఖాళీ అయ్యేదాకా తాగింది.