రాజలింగం మిగిల్చిన గుక్క

నేను ఒక గాజు గ్లాసును. సన్నని కాడ, గుండ్రని పొట్ట, కొంచెం లోపలికి ముడుచుకున్న మూతి. వైన్ రుచి చూసేవాళ్ల కోసమే నన్ను చేశారు. ఫిరోజాబాద్‌లో కొలిమి ముందు నిలబడి ఒక ముసలాయన పొడవాటి ఇనుప గొట్టంలోకి ఊదితే, దాని చివర ఎర్రగా వేలాడుతున్న గాజుముద్ద ఉబ్బి నేనయ్యాను. ఊదుతూ మధ్యలో ఆయన దగ్గాడు. ఆ దగ్గు నా అడుగున ఆవగింజంత బుడగై ఉండిపోయింది. అందుకని నన్ను రెండో రకం సరుకులో పడేశారు. నాకేమీ బాధ లేదు. లోకంలో నాకు మొట్టమొదట పరిచయమైంది మనిషి ఊపిరి. దాన్ని ఎక్కడున్నా గుర్తుపడతాను.

అక్కడి నుంచి అట్టపెట్టెలో కూర్చుని నాసిక్ అవతల కొండ వాలున ఉన్న ఒక వైనరీకి చేరాను. దాని గేటు దగ్గర రాతి ఏనుగు ఉండేది కాబట్టి ఏనుగు వైనరీ అందాం. అక్కడికి వచ్చే మనుషుల్ని చూస్తే నాకు నవ్వొచ్చేది. నన్ను కాడ పట్టుకుని గిరగిరా తిప్పుతారు. ముక్కు మొత్తం నాలో దూర్చి, తడిమట్టి వాసన అని ఒకరు, పాత తోలు వాసన అని ఇంకొకరు కళ్లు మూసుకుంటారు. తడిమట్టి వాళ్ల పెరట్లో ఊరికే దొరుకుతుంది కదా అని ఎవరూ అడగరు. తర్వాత నోట్లో పోసుకుని, పుక్కిలించి, బకెట్లో ఉమ్మేస్తారు. కొనుక్కుని మరీ ఉమ్మేసే జాతి ఇంకొకటి ఉంటే నాకు చూపించండి.

రాజలింగం అలాంటివాడు కాదు. నిర్మల్ వైపు నుంచి వచ్చిన గౌడు. తాటిచెట్లు ఎక్కి కల్లు దించే ఇంట్లో పుట్టినవాడు, కోతల కాలంలో ఇక్కడ కూలికి కుదిరాడు. పెద్ద స్టీలు ట్యాంకులో ద్రాక్ష పులిసి, వైన్ బయటికి తీసేశాక, అడుగున మోకాళ్ల లోతు పిప్పి మిగులుతుంది. కింద ఉండే చిన్న తలుపులోంచి లోపలికి దూరి ఆ పిప్పిని పారతో తోడిపోయడం అతని పని.

ఒక మధ్యాహ్నం సూపర్‌వైజర్ సరదాపడి, కొత్త వైన్ నాలో కాస్త పోసి అతనికిచ్చాడు. రాజలింగం ముందుగా నాలుగు చుక్కలు సిమెంటు నేల మీద వదిలాడు. వాళ్ల వైపు దాన్ని సాక పోయడం అంటారు. తాగేముందు అమ్మవారికీ, చనిపోయినవాళ్లకూ వాళ్ల వంతు వదలడం. తర్వాత నాలోకి ఉఫ్ మని ఊదాడు. కల్లు మీది నురగనూ, అందులో పడ్డ ఈగనూ పక్కకు నెట్టి తాగే అలవాటు అది. వైన్ మీద నురగ ఎక్కడిది? సూపర్‌వైజర్ పకపకా నవ్వాడు. రాజలింగం కూడా నవ్వి, సగం తాగి, నన్ను ట్యాంకు పక్కన గట్టు మీద పెట్టాడు.

"ఉండు, మిగిలిన గుక్క అచ్చినంక తాగుత" అని, నాతోనే చెప్పినట్టు చెప్పి లోపలికి దూరాడు.

రాలేదు. పులిసిన ట్యాంకులో ఊపిరికి పనికిరాని గాలి నిలిచి ఉంటుందట. ఆ సంగతి నేను తర్వాత విన్నాను. అప్పుడు నాకు తెలిసింది పార చప్పుడు ఆగిపోవడం ఒక్కటే. ఆ వెనక అరుపులు, తాడు, నీలం టార్పాలిన్, గేటు దాటిన జీపు. ఎవరో నాలోని గుక్కను మోరీలో పారబోసి, కడిగి బోర్లించారు. సాయంత్రానికల్లా, ఆ తెలుగువాడు చెప్పకుండా పని మానేసి వెళ్లిపోయాడన్న మాట అందరి నోళ్లలోనూ ఒకే మాదిరిగా ఉంది.

అప్పటి నుంచి నాలో ఏం పోసినా తగ్గడం మొదలైంది. ఎవరూ మూతి పెట్టకుండానే మట్టం మెల్లగా కిందికి జారేది. తాగేవాళ్లు పోసినవాడి చేతివాటం అనుకున్నారు. పోసినవాడు తాగేవాళ్ల ఆత్రం అనుకున్నాడు. మనుషులకు ఎదుటివాడి మీద అనుమానం ఉన్నంత కాలం దయ్యాలకు ఏ ఇబ్బందీ ఉండదు. నాకు మాత్రం భయం వేసేది. గాజుకు భయమేమిటని నవ్వకండి. తలుపు మూసిన అల్మరాలో, బోర్లించి ఉన్న నా లోపలి గోడకు ఆవిరి పట్టేది. పక్కనున్న గ్లాసులకు పట్టేది కాదు.

కొన్నేళ్లకు వైనరీ కొత్త గ్లాసులు కొని పాతవాటిని దేవదానం అనే అతనికి అమ్మేసింది. ఒంగోలు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. తెలుగు యాత్రికుల్ని వ్యానులో ఎక్కించుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా మూడు వైనరీలు తిప్పేవాడు. ఎక్కగానే ఒక్కొక్కరి చేతికీ ఒక గ్లాసు. రోజంతా అది వాళ్లది. మూడో వైనరీ మా ఏనుగుదే. అంటే ఎన్ని చేతులు మారినా రోజూ నేను అక్కడికే పోవాలి.

ఒకరోజు వ్యానులో ఇద్దరు ఆడవాళ్లు ఎక్కారు. మిగతావాళ్లందరూ నల్లకళ్లద్దాలు, టోపీలు. వీళ్లు నేత చీరలు, చేతిలో సద్దిమూట. పెద్దావిడ లస్మవ్వ, చిన్నావిడ ఆమె ఆడపడుచు శ్యామల. దేవదానం పెట్టెలో చెయ్యి పెట్టి చేతికందిన గ్లాసు లస్మవ్వకు ఇచ్చాడు. అది నేనే ఎందుకయ్యానో నాకు తెలియదు. ఆమె నన్ను కాడ దగ్గర పట్టుకోలేదు. రెండు చేతులతో పొట్ట చుట్టూ పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది.

"వదినె, మొన్న నువ్వొక్కదానివే అస్తే గా ఏనుగు గేటు కాడ నిన్ను లోపటికి రానియ్యలే" అంది శ్యామల గొంతు తగ్గించి. "ఇయ్యాల టికెట్ కొనుక్కొని పోతున్నం. ఎందుకచ్చినవని ఎవ్వడు అడుగడు. గక్కడ గూడ అన్న జాడ దొరకకపోతే, ఈ పెత్రమాసకు రాజలింగం అని పేరు వెట్టి సాక పోద్దాం. ఎన్నేండ్లని దూప మీద ఉంచుతం?"

రాజలింగం. ఆ పేరు విని నా అడుగున బుడగ అదిరినట్టయింది.

"బతికున్నోనికి సాక పోస్తే, నా చేతులతోని నేనే సంపినట్టు గాదా?" అంది లస్మవ్వ.

"సచ్చిపోయి ఉంటే?"

లస్మవ్వ కష్టం అదే. పెత్రమాస అంటే చనిపోయినవాళ్లకు పెట్టే అమావాస్య. బతికి ఉంటే పోయకూడదు. చనిపోయి ఉంటే పోయకపోవడం పాపం, దాహంతో తిరుగుతాడు. సాక పోసేటప్పుడు పేరు పెట్టి పిలవాలి. ఆమె పెళ్లయిన నాటి నుంచి మొగుడి పేరు నోట పలకలేదు. నాకు నోరుంటే అప్పుడే చెప్పేసేవాణ్ణి. నా మూతి తాగేవాళ్ల కోసమే చేశారు, మాట్లాడటానికి కాదు.

మొదటి వైనరీలో పొడుగు బల్ల, తెల్లగుడ్డ. అందరూ తిప్పారు, వాసన చూశారు, తలలు ఊపారు. లస్మవ్వ నన్ను ముందు పెట్టుకుని ద్రాక్షతోట వైపు చూస్తూ కూర్చుంది. తోటలో వంగి పనిచేస్తున్న ప్రతి మగవాడి మొహమూ చూస్తోంది. నాలో మట్టం వేలెడు దిగింది.

"ఏం పెద్దమ్మగారూ, అప్పుడే తాగేశారే! ఎలా ఉందండీ?" అన్నాడు దేవదానం.

"నేను ముట్టలే బిడ్డా."

సిగ్గుపడుతోందనుకుని అతను నవ్వాడు. రెండో వైనరీలో ఆమె నా మీంచి చూపు తిప్పలేదు. అక్కడ సగానికి సగం దిగింది. శ్యామల నన్ను ఎత్తి, కొంగుతో నా అడుగు తుడిచి చూసింది. పొడిగా ఉంది. బల్ల కూడా పొడిగా ఉంది.

"వదినె, గీ గ్లాసు నాకు బుగులైతుంది. మార్చుకుందాం."

"ఉండనియ్" అంది లస్మవ్వ.

పొద్దు వాలుతుండగా రాతి ఏనుగు కనిపించింది. వాచ్‌మన్ ఈసారి సలాం కొట్టాడు. లోపల పాత ట్యాంకును ఇప్పుడు చూడ్డానికి పెట్టారు. చిన్న తలుపు తెరిచి, లోపల పసుపు దీపం వేలాడదీశారు. యాత్రికులు ఒకరి తర్వాత ఒకరు అందులో తల పెట్టి ఫొటోలు దిగుతున్నారు. వెనకటికి కూలీలు ఇందులోకి దూరి శుభ్రం చేసేవారని దేవదానం చెప్పాడు.

"దూరినోళ్లందరు మల్ల బయటికి అచ్చిండ్రా?" అని అడిగింది లస్మవ్వ.

అందరూ నవ్వారు. దేవదానం మాత్రం నవ్వలేదు, చూపు తిప్పుకున్నాడు.

అక్కడి అమ్మాయి వచ్చి అందరి గ్లాసుల్లోనూ ఎర్ర వైన్ పోసింది. అందరి ముక్కులూ వాళ్ల వాళ్ల గ్లాసుల్లో దూరాయి. అప్పుడు నాలోకి గాలి వచ్చింది. లస్మవ్వ వైపు నుంచి కాదు, తెరిచి ఉన్న ఆ చిన్న తలుపు వైపు నుంచి. చల్లటి ఊపిరి. ఉఫ్. నాలోని వైన్ ముడతలు పడి, మొత్తంగా ఒక పక్కకు జరిగింది. లేని నురగను ఎవరో ఊదేసినట్టు. నా మూతి మీద తెల్లగా ఆవిరి పట్టింది. ఆ తర్వాత ఆమె కళ్ల ముందే మట్టం దిగి, దిగి, నేను ఖాళీ అయ్యాను.

లస్మవ్వ అరవలేదు. చాయ్ మీదా, చల్ల మీదా, మంచినీళ్ల మీదా అలాగే ఊది తాగే మనిషితో కాపురం చేసింది ఆమె. చాలాసేపు ఆ తలుపును చూసింది. తర్వాత ఆ అమ్మాయి ముందుకు నన్ను చాపింది.

"ఇంకింత పొయ్యి బిడ్డా."

శ్యామలకు అర్థమైపోయి ఏడుపు వచ్చేసింది. "వదినె, నేను పోస్త. పేరు నేను అంట" అని చెయ్యి చాపింది. లస్మవ్వ ఇవ్వలేదు. ట్యాంకు గుమ్మం దగ్గర కూర్చుని, నన్ను వంచి, సిమెంటు మీద చుక్కలు వదిలింది.

"రాజలింగం" అంది. ఆ పేరు ఆమె నోటికి కొత్త. అందుకని ఇంకోసారి అంది. "రాజలింగం, తాగు. తాగి ఇంటికి నడువు."

సిమెంటు వాటిని పీల్చేసుకుంది. అక్కడి అమ్మాయి విసుక్కుంటూ తుడుపుగుడ్డ తేవడానికి వెళ్లింది. నాలో మిగిలిన వైన్ కదలకుండా ఉంది. పోసింది పోసినట్టే. ఎన్నో ఏళ్ల తర్వాత నేను ఉత్త గ్లాసునయ్యాను. నా మూతి మీది ఆవిరి కూడా ఆరిపోయింది.

వ్యాను దగ్గర దేవదానం తల వంచుకుని చెప్పాడు. "ఆ ట్యాంకులో మన తెలుగాయన ఒకాయన పోయాడని కూలీలు అనుకుంటుంటే విన్నానమ్మా. యాత్రికులకు చెబితే రుచి చెడిపోతుందని ఎప్పుడూ చెప్పలేదండీ."

"ఈ గ్లాసు నాకిస్తవా?" అని మాత్రం అడిగింది లస్మవ్వ.

పెత్రమాస నాడు వాళ్ల ఇంట్లో నాలో కల్లు పోశారు. ఆకులో అన్నం, కూర, పక్కన నేను. లస్మవ్వ పేరు పెట్టి సాక పోసి, గోడకు ఆనుకుని కూర్చుంది. నా వైపే చూస్తోంది. శ్యామల కూడా చూస్తోంది. నేనూ ఎదురుచూశాను, అబద్ధమెందుకు. ఇన్నాళ్లూ ఎవరికి భయపడ్డానో అతని కోసమే ఎదురుచూశాను. మట్టం వెంట్రుకవాసి కూడా దిగలేదు. నురగ ఒక్కొక్క బుడగే విరుగుతోంది.

"దూప తీరింది వదినె. అన్న ఇగ రాడు" అంది శ్యామల.

అప్పుడు ఏడ్చింది లస్మవ్వ. వైనరీలో ఏడవనిది, ఇన్నేళ్లూ ఏడవకుండా దాచుకున్నది, అంతా కలిపి ఏడ్చింది. నాలో మట్టం తగ్గుతున్నంత కాలం అతను ఉన్నాడు. ఆమె తన చేతులతోనే పంపించేసింది.

పొద్దు తిరిగాక నన్ను చేతిలోకి తీసుకుంది. ఆమె ఎప్పుడూ ఊది తాగే మనిషి కాదు. ఆ రోజు నా మూతి దగ్గర నోరు పెట్టి ఉఫ్ మని ఊదింది. నురగ పక్కకు జరిగింది. ఊపిరి వెచ్చగా ఉంది. సగం తాగి, మిగిలిన గుక్క అలాగే ఉంచి, నన్ను గూట్లో పెట్టింది.

తెల్లారేసరికి ఆ గుక్క అలాగే ఉంది, పులిసిపోయి.